హిస్టరీలో పీహెచ్‌డీ, అదీ ఆఫ్రికన్ డయాస్పోరా మీద: అమెరికాకి అప్లై చేసేవాళ్లకి

అమెరికాలో హిస్టరీ చదువుతా అంటే కన్సల్టెన్సీ వాళ్లు మొహం అదోలా పెడతారు, పట్టించుకోకండి, ఈ పనికి వాళ్లు అక్కర్లేదు కూడా.

ఆఫ్రికన్ డయాస్పోరా అంటే ఆఫ్రికా నుంచి బయటి దేశాలకి చెదిరిపోయిన జనం, వాళ్ల వారసులు. దీని మీద పీహెచ్‌డీకి రెండు దారులున్నాయి. హిస్టరీ డిపార్ట్‌మెంట్‌లో చేరి డయాస్పోరాని ఫీల్డ్‌గా తీసుకోవచ్చు, లేదా బర్క్‌లీ లాంటి చోట్ల దీనికే విడిగా ఉన్న పీహెచ్‌డీలో చేరొచ్చు, అక్కడ సాహిత్యం, సోషియాలజీ అన్నీ కలిసే ఉంటాయి. రేపు హిస్టరీ టీచింగ్ పోస్టే కావాలంటే నేనైతే మొదటిదే అంటా. ఇక డబ్బు సంగతి, ఎంఏకి చాలాచోట్ల ఫీజు మనమే కట్టుకోవాలి, పీహెచ్‌డీకైతే పెద్ద యూనివర్సిటీలు ఐదేళ్ల దాకా ఫీజు తీసేసి స్టైపెండ్ ఇస్తాయి, బదులుగా టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) క్లాసులు చూసుకోవాలి. ఫండింగ్ లేకుండా పీహెచ్‌డీ సీటిస్తే మాత్రం వదిలేయండి, ప్లీజ్.

అసలు కష్టం టాపిక్‌తోనే. "బానిసత్వం మీద చేస్తా" అంటే ఎవరూ తీసుకోరు, ఎవరి గురించి, ఏ ఊళ్లో, ఏ కాలంలో, ఏ కాగితాలు చూసి అని చెప్పగలగాలి. ముందు స్లేవ్ వాయేజెస్ అనే డేటాబేస్ ఓపెన్ చేసి చూడండి, ఫ్రీనే, బానిసల్ని తీసుకెళ్లిన 36,000కి పైగా ఓడ ప్రయాణాల వివరాలున్నాయి. ఆఫ్రికాలో ఓడలెక్కించింది దాదాపు కోటి 25 లక్షల మందినట, ప్రాణాలతో దిగింది కోటి 7 లక్షలే, అందులో ఇప్పటి అమెరికాకి నేరుగా వచ్చింది 4 లక్షల లోపు, బ్రెజిల్‌కేమో 48 లక్షల పైనే. అందుకే ఈ ఫీల్డ్‌లో ఇంగ్లీష్ ఒక్కటే చాలదు, పోర్చుగీసో స్పానిషో ఫ్రెంచో ఇప్పట్నుంచే మొదలెట్టండి.

టాపిక్ విషయంలో మన హైదరాబాద్ వాళ్లకి ఇంకో దారుంది. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం దగ్గర పనిచేసిన సిద్దీల (ఆఫ్రికా మూలాలున్నవాళ్ల) పేరుమీద వచ్చిన బస్తీ అది. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, చివరికి అహ్మద్‌నగర్ రాజ్యాన్నే నడిపిన మాలిక్ అంబర్ (1626లో చనిపోయాడు) ఉండనే ఉన్నాడు. ఉర్దూ, పర్షియన్ చదవగలిగితే తార్నాక స్టేట్ ఆర్కైవ్స్‌లో కూర్చోవచ్చు, అట్లాంటిక్ బానిస వ్యాపారం మీదే పనిచేసే స్టూడెంట్స్‌లో ఈ భాషలొచ్చినవాళ్లు తక్కువ.

డెడ్‌లైన్లు ఎక్కువగా డిసెంబర్‌లోనే, జీఆర్ఈ చాలామంది తీసేశారు. రైటింగ్ శాంపిల్ 20, 25 పేజీలు అడుగుతారు, మీ ఎంఏ డిసర్టేషన్‌లో బాగా వచ్చిన ఒక్క చాప్టర్ తీసి మళ్లీ రాయండి. ఆగస్టు, సెప్టెంబర్‌లో మీరు ఎవరి దగ్గర చేయాలనుకుంటున్నారో ఆ ప్రొఫెసర్‌కి చిన్న మెయిల్ పెట్టండి, "రెస్పెక్టెడ్ సర్" అని పేజీ నిండా కాదు, మీ ప్రశ్న మూడు లైన్లలో, ఈ ఏడాది కొత్త స్టూడెంట్స్‌ని తీసుకుంటున్నారా అని ఒక లైన్. రిప్లై రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి గుర్తుచేయండి, అంతకుమించి వద్దు.