డ్రమ్ కోర్ టూర్‌కి బయలుదేరే ముందు జాగ్రత్తలు

డ్రమ్ కోర్ అంటే డ్రమ్ములు, ఇత్తడి బాకాలు వాయిస్తూ కవాతు చేసే యువ బృందం. అమెరికాలో దాని వేసవి టూర్ అంటే రాత్రి బస్సు ప్రయాణం, స్కూలు జిమ్‌లో నేల మీద పడక, పగలంతా ఎండలో రిహార్సల్. ఆగస్టులో జరిగే పోటీల ఫైనల్స్ దాకా ఇదే వరస.

• సభ్యత్వ ఒప్పందం మొత్తం చదివాకే సంతకం పెట్టండి. ఏ తప్పుకి ఇంటికి పంపేస్తారో, కట్టిన ఫీజు సంగతేమిటో చూడండి.

• 21 ఏళ్లు నిండనివాళ్లు అక్కడ మద్యం కొనకూడదు. సభ్యుల్లో చాలామంది ఆ వయసు లోపువాళ్లే. నిండినవాళ్లూ బృందంలోని చిన్నవాళ్లకి కొనివ్వకూడదు.

• కొత్తవాళ్లని ఏడిపించడం ఆనవాయితీ అని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. ఫిర్యాదు ఎవరికి చేయాలో ముందే రాసిపెట్టుకోండి. ఫిర్యాదు సెక్షన్ లీడర్ (బృందంలో ఒక విభాగాన్ని నడిపే సభ్యుడు) మీదో, నేర్పించేవారి మీదో అయితే ఎవరికి చెప్పాలో కూడా! నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

• పెద్ద నీళ్ల జగ్గు, సన్‌స్క్రీన్, వాడే మందుల చీటీ.

• లైట్లు ఆర్పాక ఫోన్ మాటలు వద్దు. పక్కవాళ్లకి దొరికేది ఆ కాస్త నిద్రే.