కంపు వదిలించిన శనక్కాయ పొట్టు

అనంతపురంలో మాది చిన్న మెస్. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం చెత్తబండికి వేయకుండా పెరట్లోని డ్రమ్ములో ఎరువు చేద్దామనుకున్నాను. పది రోజులకే కంపు, పురుగులు. పక్కింటివాళ్లు ఏమంటారోనని ఒకటే టెన్షన్.

అన్నీ తడివే వేశాను, గాలి ఆడే దారి లేదు. అదే నేను చేసిన తప్పు. డ్రమ్ముకు చుట్టూ, అడుగున బెజ్జాలు వేయించాను. శనక్కాయలు ఒలిచే మిషను దగ్గర పొట్టు తెచ్చాను. మన జిల్లాలో దానికి కొదవేముంది! బక్కెట్ తడిచెత్తకు రెండు బక్కెట్ల పొట్టు. సాంబారు, గంజి వంపేశాకే వేస్తాం. నాలుగు రోజులకోసారి పారతో తిరగేస్తాం. పిడికిట్లో పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు.

వారంలో వాసన పోయింది. లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, అంటే చెత్త బాగా మగ్గుతోందన్నమాట, ప్రాణం లేచొచ్చింది. పొట్టు తొందరగా మగ్గదు, అందుకే మూడు నెలలకు జల్లించి, మిగిలింది మళ్లీ డ్రమ్ములోనే వేశాను.