విశాఖలో బిడ్డను దత్తత తీసుకోవాలంటే: దరఖాస్తు నుంచి కలెక్టర్ ఉత్తర్వు దాకా

"ఫలానా నర్సింగ్ హోమ్‌లో ఒకమ్మాయికి కాన్పయింది, బిడ్డను ఎవరికైనా ఇచ్చేస్తారట, ఖర్చులకు కొంత సర్దితే చాలు" అనే కబురు ఎంత దగ్గరివాళ్లు మోసుకొచ్చినా అక్కడితో ఆపేయండి. అది దత్తత కాదు, బిడ్డను కొనడం. బాల న్యాయ చట్టం ప్రకారం పిల్లల్ని అమ్మినా కొన్నా ఐదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆస్పత్రి సిబ్బంది చేయి కలిపితే శిక్ష కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు. శిక్ష సంగతి అలా ఉంచినా, అలా వచ్చిన బిడ్డను పోలీసులు ఎప్పుడైనా తీసుకుపోవచ్చు. ఏడాది పెంచాక ఆ పరిస్థితి వస్తే ఆ ఇల్లు ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అనాథలైన, వదిలేసిన, తల్లిదండ్రులు అప్పగించేసిన పిల్లలను దత్తత తీసుకోవడానికి ఉన్నది ఒకే దారి: కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ కింద పనిచేసే 'కారా' సంస్థ వెబ్‌సైటులో దరఖాస్తు. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరికీ ఇదే దారి.

దగ్గరి బంధువుల బిడ్డను తెచ్చుకునేవారి సంగతి కొంచెం వేరు. బిడ్డకు మీరు పెదనాన్నో, పిన్నో, మేనమామో, మేనత్తో, అమ్మమ్మో, తాతయ్యో అయితే కారాలోనే బంధువుల దత్తత కింద నమోదు చేసుకోవచ్చు. కన్నవారి అంగీకారం కావాలి. బిడ్డకు ఐదేళ్లు దాటితే బిడ్డ అంగీకారమూ కావాలి. హిందువులకు 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద మరో దారి ఉంది. కన్న తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకొని బిడ్డను ఇవ్వాలి, బిడ్డకు 15 ఏళ్లు నిండకూడదు. అబ్బాయిని మహిళ గానీ, అమ్మాయిని పురుషుడు గానీ దత్తత తీసుకుంటే వయసులో కనీసం 21 ఏళ్ల తేడా ఉండాలి. ఈ దారిలో వెళ్లేవారు దత్తత పత్రాన్ని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించాలి. రిజిస్టరయిన పత్రం ఉంటే దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు ముందుగా భావిస్తుంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ ముద్ర వేయించుకుంటే ఆ బలం రాదు. ఆస్తి తగాదాలు వచ్చినప్పుడే ఈ తేడా చాలామందికి తెలిసొస్తుంది.

ఇక కారా దారి. దంపతులైతే పెళ్లయి కనీసం రెండేళ్లు నిలకడగా కాపురం చేసి ఉండాలి, ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒంటరి మహిళ అబ్బాయినైనా అమ్మాయినైనా తీసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి అమ్మాయిని ఇవ్వరు. బిడ్డకూ తల్లిదండ్రుల్లో ప్రతి ఒక్కరికీ కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. చాలామంది దెబ్బతినేది ఉమ్మడి వయసు దగ్గర. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు, రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్లకు 100, ఆపై 110. ఆయనకు 45, ఆమెకు 41 అయితే మొత్తం 86. ఆ ఒక్క ఏడాది తేడాతో పసిబిడ్డ వరసలోంచి తప్పుకోవాల్సిందే. అందుకే పిల్లల కోసం వైద్యంలో ఏళ్లు గడిపాక చివరి మార్గంగా దత్తత వైపు చూసేవారికి, ఆ ఆలోచన ఉంటే వైద్యం నడుస్తుండగానే నమోదు చేసుకోమని చెబుతాను.

ఇప్పటికే ఇద్దరు లేదా అంతకు మించి పిల్లలున్నవారికి ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని, తొందరగా ఇల్లు దొరకని పిల్లల్ని మాత్రమే ఇస్తారు. బంధువుల దత్తతకు ఈ ఆంక్ష లేదు.

దరఖాస్తు నింపడం గంట పని. కాగితాలు సరిచేసుకోవడానికే రోజులు పడతాయి. దరఖాస్తు పెట్టాక 30 రోజుల్లో పత్రాలు ఎక్కించాలి, వరసలో మీ స్థానం పత్రాలన్నీ పూర్తయిన తేదీ నుంచే లెక్కకు వస్తుంది. కుటుంబ ఫొటో, పాన్ కార్డు, పుట్టిన తేదీ రుజువు, చిరునామా రుజువు, గడిచిన ఏడాది ఆదాయం రుజువు, ప్రాణాంతకమైన లేదా అంటువ్యాధులు లేవని వైద్యుడి ధ్రువపత్రం, వివాహ ధ్రువపత్రం, మిమ్మల్ని ఎరిగిన ఇద్దరి లేఖలు కావాలి. విడాకులైతే డిక్రీ, జీవిత భాగస్వామి పోతే మరణ ధ్రువపత్రం పెట్టాలి. ఒంటరిగా తీసుకునేవారు తమకేదైనా అయితే బిడ్డను చూసుకుంటామని బంధువు రాసిచ్చే హామీ కూడా జతచేయాలి.

మన వైపు చిక్కంతా ఇంటిపేరుతోనే. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాన్‌లో పూర్తిగా, పదో తరగతి సర్టిఫికెట్‌లో మరో రకం స్పెల్లింగు. ఆమె కాగితాల్లో సగం పుట్టింటి పేరుతో, సగం అత్తింటి పేరుతో. ముందు ఇవన్నీ ఒకే తీరుకు తెచ్చుకోండి. పెళ్లి శుభలేఖ ఉంది కదా అనుకోవద్దు, వివాహం రిజిస్టరు కాకపోతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోండి. 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లా మూడు ముక్కలైంది. నర్సీపట్నం, చోడవరం వాళ్లు అనకాపల్లి జిల్లాలోకి, అరకు, పాడేరు వాళ్లు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లారు. పాత కార్డుల్లో ఇంకా విశాఖపట్నమే ఉంటుంది. పోర్టల్‌లో ఇప్పుడు నివసిస్తున్న జిల్లానే ఎంచుకోండి.

నెట్ సెంటరులో నింపిస్తే ఫోను నంబరు, ఈమెయిలు మీవే ఇవ్వండి, పాస్‌వర్డు మీ దగ్గరే ఉంచుకోండి. ఎందుకో ముందుకు వెళితే తెలుస్తుంది. సొంతంగా చేయలేకపోతే జిల్లా బాలల సంరక్షణ విభాగం సాయం చేస్తుంది. మహారాణిపేటలో కలెక్టరేట్‌కు వెళ్లి అడిగితే ఆఫీసు ఎక్కడో చెబుతారు.

తర్వాత సోషల్ వర్కర్ ఇంటికి వస్తారు. పత్రాలు పూర్తయిన 60 రోజుల్లో ఈ గృహ అధ్యయన నివేదిక ముగించాలి, అది మూడేళ్లు చెల్లుతుంది. సొంత ఇల్లుందా, ఎంత బంగారముందో చూడటానికి వస్తారనుకుని కొందరు కర్టెన్లు మార్చేస్తారు. వాళ్లు అడిగేవి వేరు. స్టీల్ ప్లాంటులో ఆయనకు నైట్ షిఫ్టు, ఆమెకు బ్యాంకు ఉద్యోగం అయితే పగలు బిడ్డ ఎవరి దగ్గర? భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. వరండాలో కూర్చున్న అత్తగారిని కూడా పిలిచి, "మనవరాలు నల్లగా ఉంటే మీకేమైనా ఇబ్బందా అమ్మా?" అని మామూలుగా అడిగేస్తారు. నిజం చెప్పండి. ఇంట్లో ఒకరికి ఇష్టం లేని సంగతి నివేదికలో దాగినా బిడ్డ దగ్గర దాగదు.

ఆపైన నిరీక్షణ. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కోసం మూడేళ్లు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు. దీనికి ఆఫీసుల జాప్యం కంటే వరస పొడవే ఎక్కువ కారణం. బిడ్డ కోరేవాళ్లు ఎక్కువ, దత్తతకు చట్టప్రకారం సిద్ధమైన పసిబిడ్డలు తక్కువ. శిశుగృహలో కనిపించిన ప్రతి బిడ్డనూ ఇవ్వరు. వదిలేసిన రెండేళ్ల లోపు బిడ్డ విషయంలో కన్నవారి కోసం వెతికి, బాలల సంక్షేమ కమిటీ రెండు నెలల్లో నిర్ణయం చెప్పాలి. కన్నతల్లే అప్పగించినా మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజులుంటాయి. వరసతో పనిలేకుండా పెద్ద పిల్లల్ని, ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని పోర్టల్‌లో చూసి ఎంచుకునే వీలుంది.

ఒకరోజు ఫోనుకు సందేశం వస్తుంది. పోర్టల్‌లో బిడ్డ ఫొటో, వైద్య నివేదిక, బిడ్డ నేపథ్యం కనిపిస్తాయి. రిజర్వు చేసుకోవడానికి 48 గంటలే. పాస్‌వర్డు గుర్తుండాల్సింది ఈ రెండు రోజుల కోసమే. తెలిసిన పిల్లల డాక్టరుతో ముందే మాట పెట్టుకోండి. నివేదికలో బరువు, తల చుట్టుకొలత అంకెలు చూసి మనం కంగారుపడితే లాభం లేదు, ఆయన చదివితే అర్థమవుతుంది. రిజర్వు చేశాక బిడ్డను చూసి, అంగీకారం తెలిపే ప్రక్రియకు 30 రోజులు. బిడ్డ వేరే జిల్లాలోనో, మరో రాష్ట్రంలోనో ఉండవచ్చు, కాబట్టి ప్రయాణానికి, సెలవుకు కొంత డబ్బు, వీలు అట్టేపెట్టుకోండి.

అంగీకరించిన పది రోజుల్లో దత్తతకు ముందు సంరక్షణ కింద బిడ్డను ఇంటికి పంపుతారు. ఆ తర్వాత అప్పటిదాకా బిడ్డను ఉంచుకున్న దత్తత సంస్థే ఫైలు కదిలిస్తుంది. 2022 సెప్టెంబరు 1 నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్. దత్తత కేసులకు ప్లీడరును పెట్టుకోవాలని ఇంకా చెప్పేవాళ్లున్నారు, ఈ దారిలో ఆ అవసరం లేదు. బిడ్డ ఉన్న సంస్థ ఏ జిల్లాలో ఉంటే ఆ కలెక్టరే రెండు నెలల్లో తేల్చాలి. విచారణ గోప్యంగా జరుగుతుంది.

ఖర్చు విషయానికొస్తే, ఇంటి అధ్యయనానికి 6 వేలు, సంస్థకు శిశు సంరక్షణ నిధి కింద 50 వేలు, తర్వాతి సందర్శనలకు ఒక్కోసారికి 2 వేలు. నగదు చేతికి ఇవ్వకండి, బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకోండి.

ఉత్తర్వు వచ్చాక మిమ్మల్నే తల్లిదండ్రులుగా చూపుతూ జనన ధ్రువపత్రం వస్తుంది. దరఖాస్తు అందిన ఐదు రోజుల్లో ఇవ్వాలన్నది నియమం. అందులో ఇంటిపేరు స్పెల్లింగు అక్కడికక్కడే సరిచూసుకోండి, ఆధార్, రేషన్ కార్డు, బడి అడ్మిషన్ అన్నీ దాని మీదే నడుస్తాయి. ఆరు నెలలకోసారి చొప్పున రెండేళ్లు సోషల్ వర్కర్ వచ్చి చూసి వెళతారు. రైల్వే, పోర్టు లాంటి చోట్ల పనిచేసే తల్లులు దత్తత సెలవు నిబంధనలు తమ ఆఫీసులో ముందే కనుక్కోవాలి. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు, ఇద్దరి కంటే తక్కువ పిల్లలుండి, ఏడాది లోపు బిడ్డను తీసుకుంటే 180 రోజులు సెలవుంటుంది.