ఇంటి నీటి పాఠాలు – 4: పూడిపోని ఇంకుడు గుంత

మేడ మీద పడిన వానను నాలుగంగుళాల పైపులు రెండింటితో కిందికి దించడం మూడో పాఠంలో అయింది. ఇప్పుడు ఆ నీళ్లను భూమిలోకి పంపాలి. గుంత తవ్వడం పెద్ద విషయం కాదు, జేసీబీ వస్తే గంట పని. నాలుగో వానాకాలంలోనూ అది నీళ్లు తాగేలా కట్టడమే అసలు పని. కొలత చాలక చెడే గుంతల కంటే మట్టి పేరుకుని చెడేవే ఎక్కువ. అందుకే ఈ పాఠంలో గుంత కంటే ముందు, దానిలోకి వచ్చే నీళ్ల సంగతి బాగా పట్టించుకోవాలి.

ముందు లెక్క

చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. 1,200 చదరపుటడుగుల స్లాబు అంటే 111 చదరపు మీటర్లు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మి.మీ. వాన. చిందేది, ఆవిరయ్యేది కలిపి ఐదో వంతు తీసేసినా 71 వేల లీటర్లు మిగులుతాయి. అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పద్నాలుగు.

అయితే గుంత కొలతకు ఏడాది లెక్క పనికిరాదు, ఒక జడివాన లెక్క కావాలి. అరగంటలో 25 మి.మీ. కురిస్తే, అదే ఐదో వంతు తీసేశాక, ఇదే మేడ నుంచి 2,200 లీటర్లు ఒక్కసారిగా దిగుతాయి. చాలామంది పొరపడేది ఇక్కడే. నాలుగడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతలో 1,800 లీటర్లు పడతాయి కదా అనుకుంటారు. కంకర నింపాక నీళ్లకు మిగిలే చోటు దాదాపు 40 శాతమే, అంటే 725 లీటర్లు. మిగతాదంతా వాకిట్లోకే.

కాబట్టి ఈ ఇంటికి 6 × 6 × 6 అడుగుల గుంత తీసుకుందాం. ఐదడుగులు నింపి పై అడుగు ఖాళీగా వదిలితే, నింపిన భాగంలో రెండు వేలు, ఖాళీలో వెయ్యి, మొత్తం మూడు వేల లీటర్ల దాకా నిలుస్తాయి.

నేల ఒప్పుకుంటుందా?

అనుకున్న చోట మొదట ఆరడుగుల లోతుకు సన్నగా తవ్వించి, అడుగున మళ్లీ అడుగు చదరం, అడుగు లోతున చిన్న గుంత తీయండి. నీళ్లు నింపి పూర్తిగా ఇంకనివ్వండి. రెండోసారి నింపి గంట తర్వాత స్కేలుతో కొలవండి. మొదటిసారి కొలిచిన అంకెను నమ్మొద్దు, ఎండిన నేల ఎలాగూ పీల్చుకుంటుంది. రెండోసారి గంటకు అంగుళమో అంతకంటే ఎక్కువో దిగితే ఆ చోటు పనికొస్తుంది.

ఎర్ర నేల, మొరం అయితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బి సందులు మూసేసుకుంటుంది. అక్కడ మొరం తగిలేదాకా లోతుకు పోవాలి, తగలకపోతే గుంత మానుకోవాలి. అడుగున పగుళ్లు లేని బండ తగిలినా అంతే. కోనసీమ, భీమవరం వైపు వానాకాలంలో నీటిమట్టం ఎలాగూ పైకే ఉంటుంది, గుంత తవ్వితే అందులో ఊటనీళ్లే నిలుస్తాయి. ఇలాంటి చోట్ల వాననీటిని సంపులోకి పట్టుకోవడమే మేలు. దానికి ఆరో పాఠం ఉంది.

పునాదికి కనీసం ఐదడుగులు, సెప్టిక్ ట్యాంకుకు ముప్ఫై అడుగులు దూరం పాటించండి. వంద గజాల స్థలంలో ఈ రెండూ కుదరడం కష్టం. కుదరకపోతే బలవంతంగా తవ్వకండి. నీళ్లు, నేల, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002లోనే వచ్చింది, ఇంటి ప్లానులో గుంత గీయడం మామూలైంది. ఆ గీత దాటి నేలలోకి దిగని గుంతలూ ఉన్నాయి, అది వేరే సంగతి.

మట్టిని బయటే ఆపాలి

ఎండాకాలమంతా మేడ మీద చేరిన దుమ్ము, పావురాల రెట్ట, ఆకులు తొలి వానకే కొట్టుకొస్తాయి. మొదటి మిల్లీమీటరు వాననైనా బయటికి వదిలేయాలి. మన మేడకు అది 111 లీటర్లు. దీనికోసం దిగే పైపు పక్కన మూడడుగుల నిలువు పైపు బిగించి, అడుగున మూత పెట్టడం అలవాటుగా చూస్తుంటాం. నాలుగంగుళాల పైపులో మీటరుకు ఎనిమిదిన్నర లీటర్లే పడతాయి. మూడడుగులకు ఎనిమిది లీటర్లయినా రావు. అలంకారానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

రెండు పైపులూ కింద ఒకచోట కలిశాక అక్కడ మూడు నోళ్ల అతుకు (టీ) ఒకటి వేసి, కాలువ వైపు పోయే కొమ్మకు మరతో బిగించే మూత పెట్టండి. తొలకరిలో మొదటి రెండు వానలకు ఆ మూత తీసి ఉంచాలి. పది పదిహేను రోజులు వాన లేక మళ్లీ మొదలైనప్పుడు కూడా మొదటి పావుగంట తీయాలి. ఆ సమయానికి ఇంట్లో మనిషి ఉంటారన్న నమ్మకం లేకపోతే, టీ దగ్గర 100 లీటర్ల డ్రమ్ము పెట్టి, దాని అడుగున 4 మి.మీ. రంధ్రం వేయండి. డ్రమ్ము నిండాకే నీళ్లు గుంత వైపు తిరుగుతాయి. వాన వెలిశాక రంధ్రం గుండా అదే ఖాళీ అవుతుంది. రంధ్రం ఆకు ముక్కతో మూసుకుపోతే డ్రమ్ము నిండే ఉండిపోతుంది, తర్వాతి వాన మురికి నేరుగా గుంతలోకే. వారానికోసారి పుల్లతో పొడవాలి.

తర్వాత మట్టి తొట్టి. ఇటుకతో 2 × 2 × 2 అడుగులు, లోపల సిమెంటు పూత, అడుగున కాంక్రీటు. నీళ్లు బయటికి పోయే పైపు అడుగు నుంచి 12 అంగుళాల ఎత్తులో, వచ్చే పైపు దానికంటే రెండంగుళాలు పైన. పోయే పైపు మొదట్లో తొట్టి లోపలే ఒక ఎల్బో (వంపు ముక్క) పెట్టి, నోరు కిందికి తిప్పండి. ఆకులు పైన తేలతాయి, ఇసుక అడుగున కూర్చుంటుంది, మధ్య నీళ్లే గుంతకు పోతాయి. మూత ఒక్క మనిషి ఎత్తగలిగేలా ఉండాలి. ఇద్దరు కావాల్సిన మూతను ఎవరూ ఎత్తరు.

గుంత నింపడం

జేసీబీ బకెట్ రుద్దిన చోట బంకమట్టి నున్నగా అణిగి ఉంటుంది. కాఫీ ఫిల్టర్లో పొడిని గట్టిగా నొక్కితే డికాక్షన్ దిగనట్టే, ఆ పొర మీద నీళ్లు ఆగిపోతాయి. గడ్డపారతో అడుగు, పక్కలు గరుకుగా గీకించండి. అడుగున కాంక్రీటు వేయొద్దు, దిమ్మిస కొట్టొద్దు.

కింద మూడడుగులు 40 మి.మీ. కంకర, 108 ఘనపుటడుగులు. దానిపై అడుగు మేర 20 మి.మీ. కంకర, 36 ఘనపుటడుగులు. రెండింటినీ కడిగే వేయాలి. క్రషర్ నుంచి వచ్చిన కంకరకు పట్టి ఉన్న డస్టు మొదటి వానకే అడుగుకు దిగి పూతలా పరుచుకుంటుంది. కంకర మీద నైలాన్ దోమతెర రెండు మడతలు, అంచులు గోడ వెంట అర అడుగు పైకి వచ్చేలా పరచండి. దానిపై అడుగు మందాన దొడ్డ ఇసుక, మరో 36 ఘనపుటడుగులు. తెర లేకపోతే ఇసుక కంకర సందుల్లోకి జారిపోతుంది. అప్పుడు గుంతంతా తోడి మళ్లీ కట్టుకోవాల్సిందే.

నీళ్లు పడే చోట ఇసుక గుంట పడకుండా ఒక షాబాదు బండ ముక్క పెట్టండి. వచ్చే పైపుకు నాలుగంగుళాలు కిందుగా ఇంకో నాలుగంగుళాల పైపు పెట్టి, పొంగే నీటిని రోడ్డు పక్క వాన కాలువకు కలపండి. డ్రైనేజీకి మాత్రం కలపొద్దు. జడివానకు మ్యాన్‌హోల్ పొంగితే ఆ మురుగు ఇదే పైపులో వెనక్కి వచ్చి గుంతలో చేరుతుంది. వాషింగ్ మెషిన్ నీళ్లు, కారు కడిగిన నీళ్లు కూడా ఈ గుంతకు వద్దు. బోరులోకి నేరుగా పైపు దించడం అసలే వద్దు.

నీళ్లు నిలిచిపోతే

వాన తగ్గాక రెండు రోజులకు మించి నీళ్లు నిలిస్తే ఏదో మూసుకుందన్నమాట. వారం నిలిస్తే దోమలు పుట్టుకొస్తాయి. ఇనుప చువ్వ ఒకటి ఇసుకలోంచి తెర దాకా దించి తీయండి. చువ్వ దిగిన చోట నీళ్లు కిందికి జారడం మొదలైతే ఇసుక పైపొర మూసుకుంది. రెండంగుళాలు గీకి, కొత్త ఇసుక వేస్తే చాలు. అలా జారకుండా, నీళ్లు రోజుకు అంగుళం కూడా దిగకపోతే అడుగు మూసుకున్నట్టు. అప్పుడు కంకర తీసి కడగక తప్పదు.

తొట్టిలో మట్టి ఆరంగుళాలు చేరగానే తోడేయండి. పెద్ద శుభ్రత రోహిణి కార్తెలో, మృగశిరకు ముందే అయిపోవాలి. నెల్లూరు, చిత్తూరు వైపు అసలు వానలు అక్టోబరు తర్వాత కాబట్టి, అక్కడ సెప్టెంబరులో ఇంకోసారి చూసుకోవాలి.

వచ్చే పాఠంలోపు

మీ స్లాబు కొలిచి, 25 మి.మీ. వానకు ఎన్ని లీటర్లో రాసుకోండి. ఇంకే పరీక్ష చేసి గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో పక్కనే రాయండి. అంగుళం లోపు వస్తే కంకర కొనకుండా ఆగండి. అయిదో పాఠంలో ఎండిపోయిన బోరు చుట్టూ గుంత కట్టే పద్ధతి చెప్పుకుంటాం, దానికి కేసింగ్ పైపు (బోరు గోడ కూలకుండా లోపల దించే పైపు) ఎంత లోతు దాకా ఉందో బోరు వేసినవాళ్లను అడిగి తెలుసుకోండి.