టాక్‌బ్యాక్ మాట వినకపోతే ఏం చేయాల

టాక్‌బ్యాక్ అంటే చూపు లేనోళ్ళ కోసం స్క్రీన్ మీదుండేది పైకి చదివి చెప్పే ఆండ్రాయిడ్ సౌకర్యం, ఇదంతా అది వాడేవాళ్ళకి. నేను కూడా టాక్‌బ్యాక్ తోనే టైప్ చేస్తాన్నా కాబట్టి అక్షరాలు అటూ ఇటూ అయింటే సర్దుకోండి.

"డబుల్ ట్యాప్ కొడితే ఏమీ తెరుచుకోవట్లేదన్నా"

అనంతపురంలో ఎండలు ముదిరితే ఎక్కువగా వినిపించే కంప్లయింట్ ఇదే. అందరూ ఫోన్ చెడిపోయిందనుకుంటారు గానీ చాలాసార్లు తప్పు ఫోన్ పట్టుకున్న చేతిది. ఎట్లంటే, ఇప్పటి ఫోన్లకి అంచు అనేదే లేదు, ఎడం చేత్తో పట్టుకున్నప్పుడు బొటనవేలి కింద కండ స్క్రీన్ మీదికి కొంచెం వాల్తుంది, మనకి తెలీదు, ఫోన్‌కి మాత్రం అదొక వేలే. మీరు కుడిచేత్తో ఒక వేలు పెట్టినా దానికి రెండు వేళ్ళయినట్టు లెక్క. అప్పుడు స్వైప్ చేస్తే తర్వాతి ఐటమ్‌కి పోకుండా పేజీ మొత్తం జరుగుతుంది, ట్యాప్ చేస్తే తెరుచుకోకుండా మాట ఆగిపోతుంది, ఎందుకంటే రెండు వేళ్ళ ట్యాప్ అంటేనే మాట ఆపమని. చెక్ చేయడం సులభం. ఫోన్‌ని బల్ల మీద పడుకోబెట్టి ఒకే వేలితో ట్రై చేయండి. పనిచేసిందా, ఫోన్ బాగుంది, పట్టుకునే పద్ధతి మార్చుకోండి, లేదంటే అంచులు లేచుండే బ్యాక్ కవర్ వేయించుకోండి.

బల్ల మీద కూడా పనిచేయకపోతే చెమట చూడండి, వేలూ స్క్రీనూ పొడిగుడ్డతో తుడవండి. తర్వాత స్క్రీన్ గార్డ్. మందం గార్డ్ వేసినాక మొరాయిస్తాంటే సెట్టింగ్స్‌లో టచ్ సెన్సిటివిటీ అని కొన్ని ఫోన్లలో ఉంటుంది, అది ఆన్ చేయండి. ఇంకోటి, గట్టిగా నొక్కితే పలుకుతుందనుకుంటారు కొందరు, బలంతో పన్లేదు, రెండు ట్యాపుల మధ్య గ్యాప్ తక్కువుండాల అంతే. ఐకాన్ మీదనే కొట్టాలని కూడా లేదు, పేరు చదివినాక స్క్రీన్ మీద యాడ కొట్టినా అదే తెరుచుకుంటుంది.

"మా జేజి ఫోన్ చుట్టూ పచ్చ డబ్బా వచ్చింది, స్ట్రక్ అయిపోయింది"

ఇది చూపున్నోళ్ళ సమస్య. వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి నొక్కుకుపోయి టాక్‌బ్యాక్ ఆన్ అయింటుంది, అంతే. ఆ రెండే మళ్ళీ మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే పోతుంది. కడపలో ఒక మొబైల్ షాపులో దీనికి రీసెట్ కొట్టి డబ్బులు కూడా తీసుకున్నారంట, పాపం ఆమె ఫొటోలన్నీ పోయినాయి. ఆ బటన్లకి షార్ట్‌కట్ లేకపోతే సెట్టింగ్స్ మీద ఒకసారి తాకి, పేరు చెప్పినాక డబుల్ ట్యాప్ చేసి, రెండు వేళ్ళతో కిందికి జరుపుకుంటా యాక్సెసిబిలిటీ దాకా పోయి, అక్కడ టాక్‌బ్యాక్ ఆఫ్ చేయండి.

"ఇంగ్లీష్ చదువుతుంది, తెలుగు మెసేజ్ వస్తే మూగదైపోతుంది"

టాక్‌బ్యాక్‌కి సొంత గొంతు లేదు, వేరే ఇంజిన్ చదివి పెడుతుంది. ఆ ఇంజిన్‌లో తెలుగు వాయిస్ లేకపోతే తెలుగు అక్షరాలు మింగేస్తుంది. సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్ అని వెతకండి, గూగుల్ ఇంజిన్ ఎంచుకుని పక్కన గేర్ గుర్తులోకి పోయి తెలుగు వాయిస్ డేటా దించుకోండి. తర్వాత మూడు వేళ్ళతో పైకో కిందికో స్వైప్ చేస్తాంటే రీడింగ్ కంట్రోల్స్, అంటే ఎట్లా చదవాలో ఎంచుకునే ఆప్షన్లు, మారుతుంటాయి, భాష అన్నప్పుడు ఆగి, ఒక వేలితో పైకీ కిందికీ జరిపి తెలుగు పెట్టుకోండి. ఆండ్రాయిడ్ 11 కంటే పాత ఫోన్లలో మూడు వేళ్ళ పనులు ఉండవు, అక్కడ ఒకే వేలితో పైకి పోయి ఎత్తకుండా వెంటనే కిందికి రావాల. ఎత్తినారంటే అది రెండు స్వైపులు, వేరే పని జరుగుతుంది. ఈ మెలిక జెస్చర్లు ఒకటే ఊపులో రావాల, టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లోనే ప్రాక్టీస్ చేసుకునే పేజీ ఉంది, అక్కడ ఎంత తప్పుచేసినా ఏమీ చెడిపోదు.

"గొంతు వినపడట్లేదు, వాల్యూమ్ ఫుల్లే పెట్టినా"

మీరు పెంచింది రింగ్‌దో పాటలదో అయింటుంది. టాక్‌బ్యాక్ వాల్యూమ్ వేరే. అది మాట్లాడ్తా ఉన్నప్పుడే బటన్ నొక్కాల, కాబట్టి ఒక వేలు స్క్రీన్ మీద మెల్లగా తిప్పుతా దాన్ని మాట్లాడిస్తా ఇంకో చేత్తో పెంచండి. అసలే మాట లేదంటే బ్లూటూత్ చూడండి, పక్కగదిలో స్పీకర్ ఆన్‌లో ఉంటే మీ ఫోన్ అక్కడ మాట్లాడ్తా ఉంటుంది.

"కాల్ వస్తే ఎత్తే లోపల కట్ అవుతుంది"

బటన్ వెతకొద్దు. రెండు వేళ్ళతో డబుల్ ట్యాప్, యాడైనా సరే. పెట్టేయడానికి కూడా అదే.

"రాత్రి బాగుంది, పొద్దునకి టాక్‌బ్యాక్ లేదు"

బ్యాటరీ సేవింగ్ దాన్ని ఆపేసింటుంది, కొన్ని కంపెనీల ఫోన్లలో ఇది మరీ ఎక్కువ. టాక్‌బ్యాక్ యాప్ బ్యాటరీ సెట్టింగ్‌లో రిస్ట్రిక్షన్ తీసేయండి. రెండు వాల్యూమ్ బటన్ల షార్ట్‌కట్ ఇప్పుడే పెట్టుకోండి, అది లేకుండా పొద్దున్నే మూగ ఫోన్‌తో ఇంట్లోవాళ్ళు లేచే దాకా కూర్చోవాల.

"బటన్ల పేర్లు చెప్పకుండా లేబుల్ లేని బటన్ అంటుంది"

తప్పు యాప్ చేసినోళ్ళది. మూడు వేళ్ళతో ఒకసారి ట్యాప్ చేస్తే టాక్‌బ్యాక్ మెనూ వస్తుంది, అందులో లేబుల్ పెట్టే ఆప్షన్ కనిపిస్తే మీరే పేరు పెట్టుకోవచ్చు.

"పాస్‌వర్డ్ కొడితే డాట్ డాట్ అంటాంది"

అది మన మంచికే, బస్సులో పక్కనోడు వింటాడని. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే అక్షరాలు చదువుతుంది, లేదా టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్‌లు చదవమని ఆన్ చేసుకోవచ్చు, కానీ అది ఇంట్లో ఉన్నప్పుడే.