పదకొండో తరగతిలోనే తేదీలు రాసిపెట్టుకోండి

అమెరికాలో పిల్లలు హైస్కూల్లో ఉన్నవాళ్లు కాలేజీ అప్లికేషన్ల సంగతి పన్నెండో తరగతిలో చూద్దాంలే అనుకోకండి. ఎన్నో కాలేజీలకు ఒకేచోట అప్లికేషన్ పెట్టుకునే వెబ్‌సైట్ కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది, చాలా కాలేజీలకు ఎర్లీ గడువు, అంటే మిగతావాళ్లకన్నా ముందుగా అప్లై చేసేవాళ్ల గడువు, నవంబర్ 1. మధ్యలో ఉన్నది మూడే నెలలు. స్కూలు పని, వ్యాసాలు అన్నీ అందులోనే.

ఎస్ఏటీ అంటే కాలేజీ ప్రవేశాలకు చూసే పరీక్ష, పీఎస్ఏటీ దానికి ముందు రాసే నమూనా పరీక్ష. పదకొండులో అక్టోబర్‌లో రాసే పీఎస్ఏటీనే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కి లెక్క. ఎస్ఏటీ మొదటిసారి మార్చిలో రాయిస్తే, స్కోరు తగ్గినా ఆగస్టులో మళ్లీ రాయొచ్చు. మేలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి సబ్జెక్టుల) పరీక్షలుంటాయి, ఆ నెలలో ఇవీ ఎస్ఏటీ రెండూ పెడితే పిల్లలు నలిగిపోతారు.

క్యాంపస్ చూడటానికి వేసవి కన్నా స్ప్రింగ్ బ్రేక్ (వసంతంలో స్కూళ్లకిచ్చే వారం సెలవు) నయం, అప్పుడైతే అక్కడ చదివే పిల్లలు కనిపిస్తారు. కాకపోతే ఆ వారం కాలేజీకీ సెలవేమో ముందే చూసుకోండి. మా అమ్మాయి ఒకచోట భోజనాల హాల్లో పక్క టేబుల్ విద్యార్థులను "ఇక్కడ కోరుకున్న క్లాసులు దొరుకుతాయా అక్కా?" అన్నట్టు అడిగేసింది. టూర్‌లో రెండు గంటలు నడిచినా తెలియనిది ఆ పది నిమిషాల్లో తెలిసింది.

రికమెండేషన్ లెటర్లు మాత్రం టీచర్లను వేసవి సెలవులకు ముందే అడిగించండి. సెప్టెంబర్‌కల్లా వాళ్ల దగ్గర పెద్ద వరసే ఉంటుంది.