యాక్సిలరేటర్ వదిలినా ఆర్‌పీఎం దిగకపోతే: నా అనుభవం

మాన్యువల్ స్పోర్ట్స్ కారు. గేరు మార్చడానికి క్లచ్ నొక్కి యాక్సిలరేటర్ వదిలేసినా ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) 3,000 దగ్గరే వేలాడేది, ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే నడిచేటప్పటి ఇంజన్ వేగం) 1,500 కిందికి దిగేది కాదు. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చడం, ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపుచేసే థ్రాటిల్ బాడీ శుభ్రం చేయడం, ఏదీ పనిచేయలేదు.

దారి చూపింది కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఇంధనం పాళ్లలో కంప్యూటర్ చేసుకునే సర్దుబాటు, ప్లస్ అంటే ఇంధనం పెంచుతోందని) ఐడిల్‌లో +18 శాతం, 3,000 ఆర్‌పీఎం దగ్గర +4 మాత్రమే. ఐడిల్‌లోనే ఇంత ఎక్కువుంటే ఎయిర్ ఫ్లో సెన్సార్ లెక్కకు అందని గాలి ఎక్కడో లోపలికి దూరుతోందని అనుమానించాలి. ఇంజన్ ఆపి, గాలి వచ్చే మూతి మూసి, బ్రేక్ బూస్టర్ గొట్టాన్ని ఊడదీసి, మేనిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే భాగం) వైపు నుంచి తక్కువ ఒత్తిడితో పొగ పంపితే పీసీవీ గొట్టం (ఇంజన్ లోపలి వాయువులను మళ్లీ గాలి దారిలోకి పంపేది) వంపు అడుగున పగులులోంచి బయటికొచ్చింది. పైనుంచి ఎంత చూసినా అది కనబడదు!

కొత్త గొట్టం, క్లాంపులు వేశాక పాత ట్రిమ్‌లు స్కానర్‌తో చెరిపి, ఇంజన్ బాగా వేడెక్కాక ఏసీ, లైట్లు ఆపి పది నిమిషాలు ఐడిల్‌లో వదిలాను. ఐడిల్ 800కి వచ్చింది, ట్రిమ్ ±5 లోపు నిలిచింది.

అన్ని కార్లకూ కారణం ఇదేనని చెప్పలేను. కొన్ని కొత్త మోడళ్లలో ఉద్గారాల కోసం కంప్యూటరే ఆర్‌పీఎంను కాస్త మెల్లగా దించుతుంది. క్లచ్ పూర్తిగా వదిలి పెద్ద గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వేగం పెరగకుండా ఆర్‌పీఎం మాత్రమే ఎగబాకితే మాత్రం గాలి లీకేజీ వెతకొద్దు, క్లచ్ జారుతోంది.